బాధకు గోడంత కాగితం: పెద్ద గీత ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

మనసులో ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తే తేలికపడతాం అనే మాట బళ్లలో, శిబిరాల్లో, కౌన్సెలింగ్ గదుల్లో తరచూ వినబడుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. పరీక్షించి చూస్తే మాత్రం అంత గట్టిగా నిలబడలేదు. జెనిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధనలో, దిగులుగా ఉన్నవాళ్లలో కొందరిని ఆ దిగులునే గీయమన్నారు, కొందరిని దానితో సంబంధం లేనిదేదో గీయమన్నారు. ఎక్కువగా కుదుటపడింది రెండో జట్టే. 2005లో నాన్సీ కర్రీ, టిమ్ క్యాసర్ 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు ఆందోళన పుట్టించి, తర్వాత రంగులు చేతికిచ్చారు. మండలా అనే గుండ్రటి నమూనాలోనో, గళ్ల నమూనాలోనో రంగులు నింపినవాళ్లకు ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం ఇచ్చి ‘మీ ఇష్టం’ అన్నవాళ్లకు అంతగా తగ్గలేదు.

ఇవేవీ గోడంత కాగితం మీద చేసిన ప్రయోగాలు కావు. అయినా వీటిని పక్కన పెట్టి పెద్ద కాగితం పరిచి ‘మీ బాధను గీయండి’ అనడం తొందరపాటే. పెద్ద నైరూప్య చిత్రం, అంటే ఫలానాదని గుర్తుపట్టే రూపం లేని బొమ్మ, గీసినవాళ్లకు దక్కే ఊరట వెళ్లగక్కడం వల్ల వస్తున్నది కాదు. చెయ్యి భుజం దగ్గర్నుంచి కదలడం ఒకటి, ఆ కదలికకు ఒక అంచు ఉండడం ఇంకొకటి, గీసినదాన్ని నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడగలగడం మూడోది. ఈ మూడింట్లో ఏది తప్పినా పెద్ద కాగితం చిన్న కాగితం కంటే ఎక్కువ కలవరపెడుతుంది.

నోట్‌బుక్‌లో రాసేటప్పుడు కదిలేవి వేళ్లు, మణికట్టు. అక్కడ అలవాటే రాజ్యమేలుతుంది: దస్తూరీ, గీత బాగుందా లేదా అన్న తీర్పు, చిన్నప్పుడు డ్రాయింగు మాస్టారు కొట్టివేసిన ఎర్ర సిరా. కాగితం మనిషి బారంత అయ్యేసరికి భుజం, నడుము, మోకాళ్లు కదలక తప్పదు. శ్వాస మారుతుంది. సాండ్రా కేగిన్, వీజా లూస్‌బ్రింక్ 1978లో చిత్రకళా చికిత్సకు వేసిన మెట్ల వరుసలో అడుగు మెట్టు కదలిక, స్పర్శ. ఆకారం, భావం దాని పైమెట్టు. అర్థం, ప్రతీక ఇంకా పైన. గోదావరి జిల్లాల్లో పల్లె ఆసుపత్రికి దిగులుతో వచ్చేవాళ్లు దిగులనే మాటే ఎత్తరు. గుండె దడంటారు, తల దిమ్మంటారు, కాళ్లు లాగుతున్నాయంటారు, అన్నం సయించడం లేదంటారు. ఒంటి భాషలో చెప్పుకున్న బాధకు ఒంటి కదలికతో మొదలుపెట్టే పద్ధతి నప్పుతుంది. అర్థాల మెట్టు నుంచి మొదలుపెడితే వాళ్లు మౌనంగా కూర్చుంటారు, లేదా కన్నీటి చుక్క, పగిలిన గుండె, ఎండిన చెట్టు వేసి ఇచ్చేస్తారు.

ఇక్కడ ఇంకో అడ్డు ఉంది. రాజమండ్రి చుట్టుపక్కల బొమ్మ అంటే గుర్తుపట్టగలిగేదే. 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) వేసిన మనుషులు, స్త్రీలు, ప్రకృతి దృశ్యాలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో తరాలుగా చూస్తున్న ఊరది. నైరూప్య చిత్రం పెడితే ముందు వచ్చే ప్రశ్న ‘ఏం బొమ్మ ఇది?’ అనే. కానీ అదే ఊళ్లో, నెలగంట పెట్టింది మొదలు సంక్రాంతి దాకా, ప్రతి వాకిట్లోనూ నడుం వంచి, చెయ్యంతా కదిలిస్తూ, ఆరేడు అడుగుల నైరూప్య చిత్రాలు పడుతూనే ఉంటాయి. మెలికల ముగ్గు ఏం బొమ్మో ఎవరూ అడగరు.

ముగ్గు నుంచి నేర్చుకోవలసింది చుక్క. ఏడు చుక్కలు పెట్టి సందు చుక్కలతో తగ్గించుకుంటూ వచ్చే ముగ్గులో గీత ఎంత మెలికలు తిరిగినా చుక్కల పందిరి దాన్ని పట్టి ఉంచుతుంది. 2005 ప్రయోగంలో గళ్ల నమూనా చేసినది కూడా ఇదే. అందువల్ల కలత ఎక్కువగా ఉన్న మనిషికి ఖాళీ కాగితం ఇవ్వకుండా, జానెడు దూరానికో చుక్క చొప్పున అడ్డంగా 7, నిలువుగా 5 పెట్టి ఇస్తే చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలన్న భయం పోతుంది. చుక్కల్ని కలపొచ్చు, చుట్టి రావొచ్చు, కొట్టేయొచ్చు. ముగ్గు వేయడం ఎరిగినవాళ్లు మాత్రం చుక్కలు కనబడగానే తెలిసిన ముగ్గే వేసేస్తారు. అప్పుడు చుక్కలు లెక్క తప్పించి, ఎడాపెడా పెట్టి ఇవ్వాలి.

కాగితం, గోడ, చెమ్మ

గోదావరి డెల్టాలో ఈ పనికి మొదటి శత్రువు గాలిలో తేమ. వానాకాలంలో కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, బొగ్గు ఉండాల్సినదానికంటే నల్లగా పట్టి చెరపడానికి లొంగదు, రెండుసార్లు రుద్దితే కాగితం పైపొర ఉండలు కట్టి లేస్తుంది. కలతలో ఉన్న మనిషి చేతికింద కాగితం చిరగడం చిన్న విషయం కాదు, ‘నా చేతిలో ఏదీ నిలవదు’ అన్న ఆలోచనకు అది సాక్ష్యమై కూర్చుంటుంది.

స్టేషనరీ కొట్టులో దొరికే చార్ట్ కాగితం 22 అంగుళాలు బై 28. అడ్డంగా మూడు, నిలువుగా రెండు, మొత్తం ఆరు షీట్లను ఒక్కో అంగుళం ఒకదానిపై ఒకటి ఎక్కించి వెనకవైపు ప్యాకింగ్ టేపు వేస్తే 64 బై 55 అంగుళాల కాగితం తయారవుతుంది. సగటు మనిషి బారకు అది సరిపోతుంది. చార్టుకు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు కొంచెం గరుగ్గా ఉంటుంది. గరుకు వైపే పైకి రావాలి, నున్నటి వైపు బొగ్గు నిలవదు. దీనికంటే చవకగా, గట్టిగా ఉండేది సామాన్లు చుట్టే బ్రౌన్ పేపరు చుట్ట. అతుకులుండవు, తేమను కొంత ఓర్చుకుంటుంది, తెల్ల కాగితంలా బెదిరించదు. దాని మీద సుద్దముక్క కూడా కనబడుతుంది కాబట్టి వెలుగును కూడా గీయొచ్చు. ఖరీదైన కార్ట్రిడ్జ్ షీట్లు తెప్పించడం అనవసరం. ఖరీదు తెలిసిన కాగితం మీద చెయ్యి ధైర్యంగా ఆడదు.

గోడకు అంటించడంలో చాలామంది పొరపడతారు. సున్నం వేసిన గోడకు మాస్కింగ్ టేపు పట్టదు, సున్నపు పొడి టేపుకు అంటుకుని వచ్చేస్తుంది. కాలవగట్టు ఊళ్లలో గోడ అడుగున రెండు మూడు అడుగుల మేర చెమ్మెక్కి ఉప్పు పూస్తుంది, అక్కడ కాగితం గంటలో మెత్తబడుతుంది. ఒక చెక్క రీపరును (సన్నటి పొడుగాటి బద్దను) రెండు మేకులకు ఆనించి, కాగితం పై అంచును దానికి ఐదారు క్లిప్పులతో బిగించి, కింది అంచుకు ఇంకో రీపరు బరువుగా కట్టడం మేలు. కాగితం వెనక ఒక అట్టో, ప్లైవుడ్డో ఉంటే గోడ గరుకు గీతలోకి దిగదు. పై అంచు తలకంటే జానెడు మించకూడదు. చెయ్యెత్తి పది నిమిషాలు గీస్తే భుజం పట్టేస్తుంది, ఆ నొప్పిని చూసి బాధ పైకి తన్నుకొస్తోందని అపోహ పడేవాళ్లున్నారు.

నేల మీద గీయడం చాలామందికి సుఖం, ముఖ్యంగా ముగ్గులు వేసే చేతులకు. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనె సంచి ఉండాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వంగి గీసి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. ముందు కూర్చుని, ఆ తర్వాత లేవమనాలి.

బొగ్గు సంగతి. కోనసీమలో కొబ్బరి చిప్పల బొగ్గుకు కొదవ లేదు కాబట్టి దాంతోనే గీయొచ్చని అనిపిస్తుంది. అది మరీ గట్టిది, కాగితాన్ని గీరుతుంది గాని నలుపు ఇవ్వదు. సరుగుడు పుల్లలు కొంత నయం. చిటికెన వేలంత లావున్న ఎండు పుల్లల్ని పాలపొడి డబ్బాలో దట్టంగా పేర్చి, మూతకు ఒక మేకు బెజ్జం పెట్టి, నిప్పుల్లో ఉంచాలి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగేదాకా కదపకూడదు. ఆగాక బయటికి తీసి, డబ్బా పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదవుతాయి. ఈ పుల్లలు బ్రౌన్ పేపరు గరుకు మీద బాగానే పలుకుతాయి, చార్టు మీద మాత్రం కొట్లో దొరికే మెత్తని బొగ్గుపుల్లే మేలు. ఎలా చేసినా పొడి రాలుతుంది. ఫ్యాను ఆపాలి, ఉబ్బసం ఉన్నవాళ్లకు బొగ్గు బదులు లావుపాటి ఆయిల్ పేస్టల్ ఇవ్వాలి.

రంగునీళ్లు, సిరా, పెయింటు మొదటి రోజుల్లో వద్దు. కర్రలా గట్టిగా ఉండే సాధనం చేతికి ఎదురు నిలుస్తుంది, ఎంత నొక్కితే అంతే పలుకుతుంది. నీళ్లలా పారేది చెప్పినమాట వినదు, ఒకచోట పోస్తే ఇంకోచోటికి జారుతుంది. నిబ్బరంగా ఉన్న మనిషికి అది ఆట. గుండె దడతో వచ్చిన మనిషికి పట్టు తప్పుతోందన్న భయాన్ని అది రెట్టింపు చేస్తుంది. మనసు మొద్దుబారి, ఏ కదలికా లేక కూర్చునేవాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లకు పల్చటి కావిరంగు నీళ్లు, కొబ్బరి పీచు కట్ట ఇస్తే చెయ్యి త్వరగా కదులుతుంది.

ఒక గంటలో ఏం జరగాలి

మొదట కాగితం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున అంచు గీయాలి. గీసే మనిషే దాన్ని గీయాలి, ఇంకొకరు గీసి ఇచ్చిన అంచు ఆజ్ఞలా ఉంటుంది. తర్వాత రెండు చేతుల్లోనూ చెరో బొగ్గుముక్క. కాగితం మధ్య నిలబడి, రెండు చేతులూ భుజాల దగ్గర్నుంచి ఊపుతూ ఐదు నిమిషాలు. ఆకారం గురించి ఒక్క మాట కూడా అనకూడదు. ఎడమ చేతికి చదువు అబ్బి ఉండదు కాబట్టి బాగా గీయాలన్న పట్టుదల దానికుండదు, కుడి చెయ్యి దాన్ని చూసి మెత్తబడుతుంది.

చెయ్యి మరీ జాగ్రత్తగా, చిన్న చిన్న గీతల్లో ఇరుక్కుంటే మూడడుగుల వెదురు బద్దకు బొగ్గు కట్టి ఇవ్వాలి. ఫ్రెంచి చిత్రకారుడు ఆంరీ మాతీస్ ముసలితనంలో పొడుగాటి వెదురుకు బొగ్గు కట్టుకుని గోడమీద బొమ్మలు గీశాడు, ఆయన అవసరం వేరు. ఇక్కడ దాని ఉపయోగం, గీత చక్కగా రాకపోవడానికి నెపం దొరకడం. తప్పు కర్రది, మనిషిది కాదు.

ఆ తర్వాత ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఇష్టమొచ్చినట్టు. ఒక పాత నూలుగుడ్డ పక్కన ఉండాలి. గీయడమెంతో చెరపడం అంత పని. గుడ్డతో తుడిస్తే నలుపు బూడిదవుతుంది గాని ముందటి గీత జాడ పూర్తిగా పోదు, దాని మీద కొత్త గీత పడుతుంది. పెన్నుతో ఇది కుదరదు. గీయడం మొత్తం ముప్పావుగంట దాటకూడదు. గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాలు బొమ్మలు గీయడమో, మట్టి పనో, కాగితపు ముక్కలు అతికించే కోలాజో చేశాక సుమారు 75 శాతం మందికి ఒత్తిడి హార్మోను కార్టిసోల్ తగ్గింది. ముందు కళతో పరిచయం ఉందా లేదా అన్నదాని మీద ఆ తగ్గుదల ఆధారపడలేదు. మిగిలిన నాలుగో వంతు సంగతి కూడా గుర్తుండాలి. అందరికీ ఒకే మందు కాదు.

చివరి పది నిమిషాలు చూడడానికి. ఆరేడు అడుగుల దూరం కావాలి. పదడుగుల గది ఉన్న కాలనీ ఇంట్లో అంత చోటు దొరకదు. కాగితాన్ని వసారాలో దండేనికి వేలాడదీయొచ్చు, మధ్యాహ్నం గాలికి కింది రీపరు బరువు తప్పనిసరి. అదీ కుదరకపోతే ఫోను కెమెరా తెరలో చిన్నదిగా చూడొచ్చు, ఫొటో తీయనక్కరలేదు. తలకిందులు చేసి చూడడం ఇంకో మార్గం. ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కల్ని ఎదురెదురుగా పెట్టి కిటికీలా చేసి, కాగితం మీద జరుపుతూ, ‘ఏ ముక్క ఉంచుకోవాలనిపిస్తోంది’ అని అడిగితే మనిషి గొంతు మారడం తరచూ వినొచ్చు. అంత పెద్ద నల్లటి గందరగోళంలో నచ్చిన అరచేతి మేర దొరకడం ఆ గంట మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే ఘట్టం.

పక్కన ఉండే మనిషి ‘ఏం గీశారండీ?’ అనకూడదు. ‘చెయ్యి ఎక్కడ ఆగింది?’, ‘ఎటువైపు చూడడం కష్టంగా ఉంది?’, ‘ఇంకాస్త చోటుంటే గీత ఎటు పోయేది?’ అని అడగొచ్చు. ఇవి ఆకారం గురించి కావు, కదలిక గురించి. జవాబు చెప్పకపోయినా నష్టం లేదు.

బెడిసికొట్టే చోట్లు

అన్నిటికంటే తరచుగా కనబడేది ఒకేచోట గుండ్రంగా తిప్పి తిప్పి కాగితం చిరిగేదాకా నల్లగా చేయడం. బయటినుంచి చూసేవాళ్లకు అది గొప్ప భావ ప్రకటనలా ఉంటుంది, చుట్టూ చేరి మెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. చాలాసార్లు అది తలలో తిరుగుతున్న ఒకే ఆలోచన కాగితం మీద తిరగడం మాత్రమే. దానివల్ల దిగులు తగ్గదు, పదును తేలుతుంది. మూడు నాలుగు నిమిషాలు దాటితే చెయ్యి మార్చమనాలి, లేదా ఆ నల్లటి మచ్చ అంచు నుంచి ఒక గీతను కాగితం చివరిదాకా లాగమనాలి. రెండూ కాకపోతే సాధనం మార్చి గుడ్డ ఇవ్వాలి. ఆపేయమనడం కంటే దారి మళ్లించడం మంచిది.

రెండోది జాతకం చెప్పడం. నలుపెక్కువుంటే కుంగుబాటు, ఎరుపుంటే కోపం, కాగితం మూలకు గీస్తే ఆత్మన్యూనత అని చెప్పేవాళ్లకు యూట్యూబులో లోటు లేదు. చేతికి బొగ్గు ఒక్కటే ఇచ్చి నలుపెక్కువైందని రోగనిర్ధారణ చేయడం హాస్యాస్పదం. ఒక గీత చూసి జబ్బు పేరు చెప్పడానికి నమ్మదగ్గ పద్ధతి ఏదీ లేదు. ఒకే మనిషి నాలుగైదు వారాల కాగితాలు పక్కపక్కన పరిస్తే ఏదైనా మార్పు కనబడొచ్చు, దాని అర్థం కూడా ఆ మనిషినే అడగాలి.

మూడోది ఫొటో. శిబిరం పెట్టినవాళ్లు సాయంత్రానికల్లా వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. పేరు రాయకపోయినా, ఊళ్లో ఎవరి గీతో అందరికీ తెలిసిపోతుంది. ‘ఫలానావారి కోడలికి మతి బాగాలేదట’ అన్న మాట మందుకంటే వేగంగా పాకుతుంది. రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఫొటో లేదు, ఒప్పుకున్నా వారం ఆగి మళ్లీ అడగాలి.

గోడ పొడుగునా అందరూ కలిసి గీసేటప్పుడు తలకు మూడడుగుల వంతున ముందే గుర్తులు పెట్టాలి. లేకపోతే గట్టి గొంతున్నవాళ్లు ఆరడుగులు ఆక్రమిస్తారు, కొత్త కోడళ్లు, పిల్లలు మూలన జానెడు చోట సర్దుకుంటారు. ఎవరి గీత మీదికి ఎవరూ అడగకుండా వెళ్లకూడదన్నది ఒక్కటే నియమం. మిగతావి చెప్పనక్కరలేదు.

ఎవరికి వద్దు, ఎప్పుడు వద్దు

లేనివి వినబడుతూ, కనబడుతూ ఉన్నవాళ్లకు, నిద్ర లేకుండా ఉరకలేసే స్థితిలో ఉన్నవాళ్లకు హద్దులేని పెద్ద కాగితం మంచిది కాదు. చిన్న కాగితం, గట్టి అంచు, పెన్సిలు చాలు, అదీ వైద్యుడికి తెలిసి. దారుణమైన సంఘటన చూసినవాళ్లను కళ్లు మూసుకుని గీయమనకూడదు, తలుపు కనబడేలా నిలబెట్టాలి.

వరదలు, తుఫాన్లు వచ్చినప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. 1996 నవంబరు తుఫాను కోనసీమలో ఎంతమందిని తీసుకుపోయిందో ఆ తరం మరచిపోలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గోదావరి మధ్యనున్న లంకల్లోని ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పునరావాస కేంద్రం గోడకు కాగితం కట్టి ‘వరదలో మీరు చూసింది గీయండి’ అనడం మొదటివారం చేయకూడని పని. జరిగినదాన్ని వెంటనే ఒక్క విడతలో బలవంతంగా తవ్వి చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయడం లేదు. ముందు భోజనం, మంచినీళ్లు, మందులు, తప్పిపోయినవాళ్ల ఆచూకీ. ఆ రోజుల్లో కాగితం పరిస్తే విషయం ఏదీ ఇవ్వకుండా, చుక్కలు పెట్టి, పిల్లలకు పొద్దుపోయే పనిగా పరవాలి. పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఒక చెయ్యి వేస్తే వేస్తారు. వరద గురించి గీత దానంతటది వస్తే రానివ్వాలి.

ఇది వైద్యానికి బదులు కాదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకు దూరంగా ఉన్నారు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస తిరిగి రాకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. చచ్చిపోవాలనుందన్న మాట నోటినుంచో, కాగితం మీదో వస్తే గీయడం అక్కడితో ఆపాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ మాట గురించి సూటిగా అడగాలి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గీసిన కాగితాన్ని ఆరోజే చింపడం, కాల్చడం వద్దు. కొందరు గురువులు దాన్నొక విమోచన తంతులా చేయిస్తారు, మర్నాడు అది చూడాలనిపించినప్పుడు ఏమీ మిగలదు. మధ్యలో పాత న్యూస్‌ప్రింటు పెట్టి వదులుగా చుట్టి, ఒక పీవీసీ గొట్టంలో నిలువుగా ఉంచాలి. గంజితో అతికిన కాగితానికి డెల్టా తేమలో బూజు, వెండిపురుగు పట్టడం ఖాయం, అందుకే టేపు. వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఎండ కాసినప్పుడు విప్పి నీడన ఆరబెట్టాలి. మూడో కాగితం గీసే రోజున మొదటిదాన్ని పక్కన వేలాడదీసి, దాన్ని ఉంచాలా, దానిమీదే గీయాలా, కత్తిరించి ఒక ముక్క దాచుకోవాలా, పారేయాలా అన్నది గీసినవాళ్లనే తేల్చమనాలి.